తలుపుల అంకుల్

ఆయన్ని శ్మశానానికి తీసుకెళ్ళడానికి వచ్చిన నల్లబండి వెనక తలుపు మొదటిసారి సరిగ్గా పడలేదు. ఫ్యునరల్ హోమ్ మనిషి దాన్ని మళ్ళీ తీసి, ఈసారి గట్టిగా వేశాడు. చర్చి వాళ్ళమంతా పార్కింగ్ లాట్‌లో గుంపుగా నిలబడి ఉన్నాం. ఏడుస్తున్నవాళ్ళం కాస్తా ఏడుపు ఆపి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అందరికీ ఒకటే తోచిందని నాకు తెలుసు. ఆయన ఉంటే, "ఆగవయ్యా, అలా బాదకు. కింద కీలు వదులైంది," అనేవారు.

ఆయనకి మంచి పేరే ఉంది, బైబిలు పేరు. కానీ మా చర్చి పిల్లలకి ఆయన డోర్ అంకుల్. పెద్దవాళ్ళం దాన్ని తెలుగు చేసుకుని తలుపుల అంకుల్ అనేవాళ్ళం. ఆయనకి రెండూ ఇష్టమే.

న్యూజెర్సీ రాష్ట్రం పార్సిప్పనీలో మా తెలుగు చర్చికి సొంత భవనం లేదు. అమెరికన్ల ఆరాధన అయిపోయాక అదే హాలు మాకు మధ్యాహ్నం అద్దెకిస్తారు. అంకుల్ అరగంట ముందే వచ్చి, బూడిదరంగు సూటులో, చంకలో బైబిలుతో, పార్కింగ్ లాట్ అంచున తల కాస్త పక్కకి వంచి నిలబడేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు వందనాలు చెప్పడానికి నిలబడ్డారనుకునేవాళ్ళు. ఆయన తలుపులు వింటున్నారని మాకు తెలుసు.

"మీ వెనక ఎడమ తలుపు లాక్ అరంగుళం పైకి ఉందయ్యా. ఇప్పుడు పడుతుంది, చలికాలం పడదు."

"రబ్బరు ఎండిపోయిందమ్మా. కాస్త గ్లిజరిన్ రాయి."

కారు చూడకుండా చెప్పేవారు, చప్పుడు విని. ఒకసారి మా సంఘపెద్ద ఒకాయన కొత్త ఎలక్ట్రిక్ కారు కొన్నారు. తలుపులు ఆకాశంలోకి లేస్తాయి, బటన్ నొక్కితే వాటంతటవే దిగుతాయి. అంకుల్ చేతులు వెనక్కి కట్టుకుని దాన్ని చాలాసేపు చూశారు. "ఇది తలుపు కాదు, రెక్క. దీని సంగతి నాకు తెలీదు," అని పక్కకి వెళ్ళిపోయారు. ఆ రోజు ప్రసంగంలో దేవదూతల ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం ఆ సంఘపెద్ద వైపు తిరిగి చిన్నగా నవ్వారు.

ఆయన సూత్రం ఒకటే. మంచి తలుపు రెండు వేళ్ళతో పడాలి. "మనిషి మోచెయ్యి వాడాడంటే తప్పు మనిషిది కాదు, తలుపుది." నా పాత కారు తలుపు నేను భుజంతో నెట్టడం చూసి, పరిచయమైన మొదటి ఆదివారమే ఒక స్క్రూడ్రైవర్ తెప్పించుకుని పది నిమిషాల్లో సరిచేశారు. ఆ పది నిమిషాల్లో నేనేం చేస్తానని అడిగారు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అన్నాను. అదేమిటో చెప్పమన్నారు. వేరేవాళ్ళు తయారు చేసింది పంపించేముందు సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడటం అన్నాను.

"అయితే మనిద్దరిదీ ఒకటే పని," అన్నారు చెయ్యి తుడుచుకుంటూ. అప్పట్నుంచి ఆయన దృష్టిలో నేను సాటి కార్మికురాల్ని.

ఆయన కుర్రతనంలో ఇంగ్లండ్ వెళ్ళి, కవెంట్రీ ఊళ్ళో ఒక కార్ల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు తలుపులు బిగించారు. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు, ఆ కంపెనీ కూడా లేదు. పేరు చెప్పినా ఇక్కడ పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన కూడా ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. మా కంపెనీ అనేవారు.

దాని చరిత్ర మా చర్చిలో పుట్టి పెరిగిన పిల్లలందరికీ కంఠతా వచ్చు. సండే స్కూల్ అయ్యాక, టీ మరిగేలోపు, ఆయన కుర్చీ చుట్టూ చేరేవాళ్ళు.

"మొదట మేము కుట్టుమిషన్లు చేశాం. అవి అమ్ముడుపోక సైకిళ్ళు మొదలుపెట్టాం. సైకిళ్ళు బాగా పోయాయి. తరవాత సైకిలుకి మోటారు పెట్టాం. తరవాత ఇంకో రెండు చక్రాలు పెట్టాం."

"యూ మేడ్ సైకిల్స్, అంకుల్?" అని ఎవరో ఒక పిల్ల ప్రతిసారీ అడిగేది.

"మా నాన్నే పుట్టలేదమ్మా అప్పటికి."

"దెన్ హూ మేడ్ ఇట్?"

"మేమే."

పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆయన నవ్వేవారు కాదు. యుద్ధం రోజుల్లో కార్లు ఆపేసి విమానాలకి రెక్కల ముక్కలు చేసిందీ ఆయనే, బాంబులు పడి కప్పు ఎగిరిపోతే టార్పాలిన్ కింద నిలబడి పని చేసిందీ ఆయనే. యుద్ధం అయ్యాక వచ్చిన కారు గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవారు. డాక్టర్లూ లాయర్లూ పేరు రాయించుకుని ఏడాది ఆగి కొనుక్కునేవారట. డ్యాష్‌బోర్డుకి చెక్కపలక, తోలు సీట్లు. "లోపల కూర్చుంటే లైబ్రరీలో కూర్చున్నట్టుండేది. అంత నిశ్శబ్దం. ఎందుకో చెప్పండి?"

"డోర్స్!" అని పిల్లలంతా అరిచేవాళ్ళు.

ఆ తరవాత కథ తొందరగా నడిచేది. ఒక పెద్ద కంపెనీ మా కంపెనీని కొంది. దాన్ని ఇంకా పెద్ద కంపెనీ కొంది. చివరికి మా యజమాని ఎవరో మా ఫోర్‌మన్‌కే తెలియకుండా పోయింది. "తరవాత మూసేశారు. పదండి పదండి, టీ చల్లారిపోతోంది."

చివరి ఏడాది సంగతి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. అక్కడ కథలో చిన్న ఖాళీ ఉందని కూడా నాకు తట్టలేదు.

ఆ పనిలోకి ఎలా వెళ్ళారో చెప్పేటప్పుడు మాత్రం మంచి హుషారుగా ఉండేవారు. బాపట్ల దగ్గర మిషన్ వాళ్ళ బళ్ళో వడ్రంగం నేర్చుకున్నారు. ఇంగ్లండ్ వెళ్ళే దరఖాస్తులో తెలిసిన పని ఏమిటన్న చోట, తలుపులు, కిటికీలు అని రాశారు. అక్కడి ఫోర్‌మన్ కాగితం చూసి, డోర్స్ అన్న మాట కింద గీత గీసి, తీసుకెళ్ళి కారు తలుపుల దగ్గర నిలబెట్టాడు. "ఇనప తలుపు నేను అప్పటిదాకా ముట్టుకోలేదు. అడిగితే పంపించేస్తాడేమోనని అడగలేదు. పక్కనున్న ముసలాయన్ని చూసి నేర్చుకున్నాను."

ఆ ముసలాయన చేసేది చూసి ఈయనకి మతి పోయిందట. రేకుని అచ్చొత్తే ప్రెస్సులోంచి వచ్చే ఏ రెండు తలుపులూ ఒకలా ఉండవు. కారు చట్రాలూ ఒకలా ఉండవు. తలుపుని కీళ్ళకి తగిలించి, సందులో చిన్న చెక్కముక్క పెట్టి, మోకాలు ఆనించి, మెల్లగా బరువేసి వంచాలి. చెక్క తీసి, తలుపు వేసి, వినాలి. మళ్ళీ చెక్క, మళ్ళీ మోకాలు.

"అంత పెద్ద కంపెనీ. లండన్‌లో ఆఫీసు. గోడ మీద రాణిగారి ఫోటో. చివరికి అంతా నా కుడి మోకాలి మీద నడిచింది," అనేవారు. ఆ మోకాలు అరిగిపోతే ఇక్కడ మార్పించుకున్నారు. కొత్త మోకాలి మీద ఆయనకి గౌరవం లేదు. దాని మీద తట్టి, "ఇది లోహం. దీనికి తలుపంటే ఏమిటో తెలీదు," అనేవారు.

ఆయన భార్య, మా ఆంటీ, నర్సుగా రిటైరయ్యారు. ఆవిడ ఉద్యోగం వల్లే ఇద్దరూ ఇంగ్లండ్ నుంచి న్యూజెర్సీ వచ్చారు. పిల్లల్లేరు. ఆంటీ తక్కువ మాట్లాడతారు. ఆయన కంపెనీ చరిత్ర చెబుతుంటే పక్కన కూర్చుని కప్పులు సర్దుకుంటూ ఉండేవారు.

మూడేళ్ళ క్రితం ఆంటీని కంపెనీ పేరడిగి, ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే ఆ కంపెనీ కార్లున్న అమెరికన్ల క్లబ్ ఒకటి కనిపించింది. ఏటా ఎండాకాలంలో పెన్సిల్వేనియాలో ఒక మైదానంలో కలుస్తారట. మా చర్చిలో ఆ ఫ్యాక్టరీలో పనిచేసినాయన ఉన్నారని వాళ్ళకి మెయిల్ పెట్టాను. గంటలో జవాబు వచ్చింది. జవాబు పెట్టినాయన రిటైరైన హిస్టరీ టీచరు. ఎన్నో ఏళ్ళుగా ఆ కంపెనీ చరిత్ర రాస్తున్నానని, ఫ్యాక్టరీలో చేతులతో పనిచేసిన మనిషిని ఇంతవరకూ కలవలేదని, ఎలాగైనా తీసుకురమ్మని రాశారు.

ఆ ఎండాకాలం ఒక శనివారం పొద్దున ముగ్గురం బయల్దేరాం. అంకుల్ ఆదివారం సూటే వేసుకొచ్చారు. ఆంటీ స్టీలు డబ్బాలో పులిహోర పట్టుకొచ్చారు. దారిలో అంకుల్ నా ఉద్యోగం గురించి అడిగారు. ఆ వారమే ఒక రిలీజ్ అయ్యింది, అలిసిపోయానని చెప్పాను.

"చెడ్డదని తెలిసి ఎప్పుడన్నా వదిలేశావా, అమ్మాయ్?"

"వదిలేస్తాం అంకుల్. అన్నీ ఫిక్స్ చేస్తూ కూర్చుంటే రిలీజ్ ఎప్పటికీ అవ్వదు. నోన్ ఇష్యూస్ అని, తెలిసిన లోపాల లిస్ట్ ఒకటి ఉంటుంది, అందులో రాసేసి పంపిస్తాం."

"రాస్తారా?"

"రాయాలి కదా. కస్టమర్‌కి తెలియాలి."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "మేము రాయలేదు," అన్నారు. ఏదో పాతకాలం పద్ధతి గురించి అంటున్నారనుకున్నాను.

మైదానంలో పాతిక దాకా కార్లున్నాయి. అంకుల్ దిగి, వరసగా ఒక్కొక్క కారు దగ్గరా ఆగుతూ నడిచారు. ముట్టుకోలేదు. చర్చిలో ముందు వరసకి నడిచేటప్పుడు ఎలా నడుస్తారో అలా నడిచారు. క్లబ్ వాళ్ళు ఆయన చుట్టూ మూగారు. ఒకావిడ తన కారు తలుపు మీద సంతకం చెయ్యమని పెన్ను ఇచ్చింది. ఆయన కంగారుపడి చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

భోజనాలకి ముందు అందరూ టెంటు కింద కూర్చున్నారు. తెల్లగడ్డం, గడ్డిటోపీ ఉన్న టీచరుగారు లావుపాటి ఫైలు తెచ్చి, మన అతిథి గౌరవార్థం చివరి అధ్యాయం చదువుతానన్నారు. బాగా రాశారు. చివరి ఏడాది వచ్చిన కార్లు కంపెనీ పరువు తీశాయి. తలుపులు సరిగ్గా పడేవి కావు, వానొస్తే నీళ్ళు సీట్లలోకి కారేవి. తప్పంతా యాజమాన్యానిది. అరిగిపోయిన యంత్రాలు మార్చడానికి వాళ్ళకి మనసు రాలేదు. పనివాళ్ళు మాత్రం ఆఖరి రోజుదాకా చేతనైనంత నిజాయితీగా పనిచేశారు. అలాంటి ఒకాయన ఇవాళ మన మధ్య ఉన్నారు.

అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంకుల్ కుర్చీ చెయ్యి పట్టుకుని లేచారు. థాంక్యూ చెబుతారనుకున్నాను.

"అది నిజం కాదు, సర్," అన్నారు.

ఆయన ఇంగ్లీషులో మాట్లాడారు. కవెంట్రీ యాసా, బాపట్ల యాసా కలిసిపోయిన ఆ ఇంగ్లీషుని నాకు గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను.

"యంత్రాలు అరిగిన మాట నిజమే. తలుపులు వంకరగా వచ్చేవి. ఒక్కోటి సరిచెయ్యడానికి పది నిమిషాలు కావాలి. నాలుగే ఇచ్చేవారు. సరిపడని తలుపు మీద ఎర్రసుద్దతో గీత గీసి, కారుని అసెంబ్లీ లైనులోంచి తప్పించాలి. ఆ గీత గీసే పని నాది. మొదట్లో గీశాను. ఒకరోజు ఫోర్‌మన్ పిలిచి, నీ గీతలు ఎక్కువవుతున్నాయి, ఇలాగైతే పైవాళ్ళు లైను మూసేస్తారు అన్నాడు. అంతకంటే ఒక్క మాట అనలేదు. తిట్టలేదు. తీసేస్తానని బెదిరించలేదు. మర్నాటి నుంచి నేను జేబులోంచి సుద్ద తియ్యలేదు."

కోటు జేబు మీద చెయ్యి వేసి మళ్ళీ మొదలుపెట్టారు.

"ఆరు నెలలు. నీళ్ళు కారతాయని తెలుసు. తెలిసే పంపించాను. లైను ఎలాగూ మూసేశారు. ఆ కార్లు ఇప్పుడు మీ దగ్గరున్నాయి. మీ ఒళ్ళో వాన పడితే కంపెనీ ఒక్కదాన్నే తిట్టకండి. మీ పుస్తకంలో అది రాయండి."

కూర్చున్నారు. నేను ఆంటీ వైపు చూశాను. ఆవిడ ఆయన మొహంలోకి చూస్తున్నారు, ఎప్పుడూ చూడని మనిషిని చూస్తున్నట్టు.

టీచరుగారు ఫైలు మూసి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన మెల్లగా, "నాది చివరి ఏడాది కారే. ముందు తలుపు ఇప్పటికీ సరిగ్గా పడదు. చూస్తారా?" అన్నారు.

అందరం వెళ్ళాం. ముదురు ఆకుపచ్చ కారు. అంకుల్ డ్రైవరు వైపు తలుపు అంచు చుట్టూ వేలితో నెమ్మదిగా తడుముకుంటూ వచ్చారు. పైన వేలు ఆగింది.

"ఇది నాదే."

"ఎలా చెప్పగలరు?"

"ఎడమవైపువన్నీ నావి. కుడివైపు ఇంకొకాయన చేసేవాడు." తరవాత కోటు తీసి నా చేతికిచ్చి, క్లబ్ వాళ్ళని ఒక చెక్కముక్క అడిగారు. ఒకాయన టూల్‌బాక్స్‌లోంచి నాలుగైదు తెచ్చాడు. వాటిలో ఒకటి ఏరి, తలుపుకీ చట్రానికీ మధ్య కింద పెట్టారు. మోకాలు ఆనించబోయి ఆగిపోయారు. తన మోకాలివైపు అసహ్యంగా చూశారు. నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, నీ మోకాలు ఇటియ్యి."

"నాకేం తెలుసు అంకుల్! ఆయన కారు విరిగిపోతే?"

"విరగదు. రా. కోటు ఆంటీకియ్యి."

చుడీదార్ సర్దుకుని వెళ్ళి నిలబడ్డాను. ఆయన నా వెనక నిలబడి, తలుపు మీద అరచెయ్యి పెట్టుకుని చెబుతున్నారు. "నెట్టకు. ఆనించు. ఇప్పుడు బరువెయ్యి. ఇంకా. ఇంకా వెయ్యాలమ్మా, కోడిపిల్ల మీద వేసినట్టు వేస్తే ఎట్లా? ఇంకా... చాలు!"

ఇనుము మూలిగింది. టీచరుగారు కళ్ళు మూసుకున్నారు. అంకుల్ చెక్క తీసి, తలుపు వేసి, విని, తల అడ్డంగా ఊపారు. మళ్ళీ పెట్టమన్నారు. నాలుగుసార్లో అయిదుసార్లో చేశాం. నాకు చెమటలు పట్టాయి. చుట్టూ ఉన్న ముసలివాళ్ళంతా ఊపిరి బిగబట్టి నా మోకాలినే చూస్తున్నారు. చివరికి ఆయన నన్ను పక్కకి జరగమని, రెండు వేళ్ళతో తలుపుని కదిపి వదిలేశారు. అది దానంతటదే వెళ్ళి మెత్తగా, బరువుగా పడింది. ఇంకోసారి తీసి వేశారు. మళ్ళీ అలాగే పడింది.

టీచరుగారు తను కూడా వేసి చూశారు. చాలాసార్లు వేశారు. తరవాత అంకుల్ చెయ్యి పట్టుకుని, ఆ అధ్యాయం మళ్ళీ రాస్తానని, ఆయన పేరు వెయ్యొచ్చా అని అడిగారు.

"పేరెందుకు? ఎడమ తలుపులవాడు అని రాయండి," అన్నారు అంకుల్. ఆ మాట విన్నదాన్ని కాబట్టే నేను కూడా ఇక్కడ ఆయన పేరు రాయలేదు.

ఆంటీ అప్పటిదాకా కోటు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఉన్నట్టుండి నాతో తెలుగులో, "పదకొండేళ్ళు చేశారు, నేను ఒక్కసారి కూడా ఈ కారెక్కలేదే. ఎక్కడికెళ్ళినా బస్సులోనే," అన్నారు. ఆవిడ ఏమన్నారని టీచరుగారు అడిగితే చెప్పాను. ఆయన వెంటనే వెనక తలుపు తీసి, ఆవిడని కూర్చోమన్నారు. అంకుల్ అడ్డొచ్చి, ఆయన్ని పక్కకి తప్పించి, తలుపు తనే వేశారు. ఆకుపచ్చ కారు మైదానం చుట్టూ మెల్లగా ఒక రౌండు తిరిగింది. వెనక సీట్లో ఆంటీ ఒడిలో కోటుతో నిటారుగా కూర్చుని ఎటూ చూడకుండా ముందుకే చూస్తున్నారు. దిగాక పులిహోర డబ్బా మొత్తం టీచరుగారికి ఇచ్చేశారు. అదేమిటో, ఎలా తినాలో చెప్పడానికి నాకు పావుగంట పట్టింది.

తిరుగు ప్రయాణంలో న్యూజెర్సీలోకి వచ్చాక వెనక సీట్లోంచి ఆంటీ అన్నారు, "ఆ ఏడాది మీరు ఇంటికి రాగానే తలుపులన్నీ ఒకటికి రెండుసార్లు వేసి చూసేవారు. బీరువా తలుపు కూడా. దొంగల భయం పట్టుకుందేమో అనుకున్నాను."

అంకుల్ తన పక్కనున్న తలుపు అంచు వేలితో తడిమి చూసుకున్నారు.

"నాతో ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే మానెయ్యమనేదానివి."

"మానెయ్యమనేదాన్నే."

"మానేస్తే ఏం తినేవాళ్ళమే? నీకప్పటికి ఉద్యోగం లేదు."

ఆంటీ కొంచెంసేపు ఆలోచించారు. నిజంగానే లెక్కవేసుకుంటున్నట్టు ఆలోచించారు.

"ఏదో ఒకటి తినేవాళ్ళంలెండి," అన్నారు.

అంకుల్ వెనక్కి తిరగలేదు. సీటు బెల్టు అడ్డొస్తున్నా కుడిచెయ్యి వెనక్కి చాపారు. ఆవిడ దాన్ని పట్టుకున్నారో లేదో నేను అద్దంలో చూడలేదు, రోడ్డు చూసుకుంటున్నాను. కానీ ఆ చెయ్యి చాలాసేపటిదాకా ముందుకి రాలేదు.

తరవాత ఆయనే, "ఆకలేస్తోందమ్మాయ్. పులిహోరంతా ఆ తెల్లాయనకి ఇచ్చేసింది మీ ఆంటీ. ఎక్కడన్నా ఆపు," అన్నారు.

తరవాతి ఎగ్జిట్ తీసుకున్నాను. గ్యాస్ స్టేషన్‌లో అరటిపళ్ళు, ఒక పెద్ద చిప్స్ ప్యాకెట్టు, పేపర్ కప్పుల్లో మూడు టీలు దొరికాయి. కారులోనే కూర్చుని, ఆ ప్యాకెట్టు ముందుకీ వెనక్కీ అందించుకుంటూ, మొత్తం తినేశాం.